ఊగుతోందా, అరిగిందా, చివికిందా? ‘వీక్’ దాటి సరైన ఇంగ్లిష్ మాట పట్టుకోవడం ఎలా

కొన్నేళ్ల కిందట ఆఫీసు స్టోర్‌రూమ్‌లో ఉన్న ఇనుప నిచ్చెన గురించి ఇంగ్లిష్‌లో ఒక మెయిల్ రాయాల్సి వచ్చింది. పై నుంచి రెండు మెట్ల నట్లు వదులై, కాలు పెడితే మెట్టు గిర్రున తిరుగుతోంది. ఆ హడావిడిలో ‘ది లాడర్ ఈజ్ వీక్’ అని రాసి పంపేశాను. మర్నాడు జవాబొచ్చింది: ఎన్ని కిలోల వరకు ఆపుతుందో చూసి, అంతకు మించి బరువున్నవాళ్లని ఎక్కనివ్వకండి, అని. చదవగానే ఒళ్లు మండింది గానీ, తీరిగ్గా ఆలోచిస్తే వాళ్ల తప్పేమీ లేదు. నిచ్చెన ‘వీక్’ అంటే బరువు మోయలేదనే అర్థం. నా నిచ్చెన ఏనుగునైనా మోస్తుంది. దానికి పోయింది బలం కాదు, బిగింపు.

ఇదే సంగతి తెలుగులో చెప్పమంటే తడుముకోం. బట్ట చివికిందంటాం, చెప్పు అరిగిందంటాం, గోడ కుంగిందంటాం, కొమ్మ పెళుసంటాం, పన్ను ఊగుతోందంటాం, కుర్చీ లొడలొడలాడుతోందంటాం. దేనికి తగ్గ మాట దానికి నోటికొస్తుంది. ఇంగ్లిష్‌లోకి దిగగానే అవన్నీ మాయమై వీక్, ఓల్డ్, డ్యామేజ్ అనే మూడు మాటలు మిగులుతాయి. ఇంగ్లిష్‌లో మాటలు లేక కాదు, కావలసినన్ని ఉన్నాయి. చిక్కల్లా మనం ‘వీక్’ దగ్గర మొదలుపెట్టి, దానికి పర్యాయపదాలు వెతకడంలో ఉంది. ఆ జాబితాలో పాతిక మాటలు దొరుకుతాయి, ఏది ఎక్కడ వాడాలో మాత్రం తెలియదు. అందుకని ఎదురు దారిలో వెళ్దాం.

1. ముందు తెలుగులో ఒక ప్రశ్న వేసుకోండి: లోపం ఎక్కడుంది?

వస్తువుని చూసి ‘ఇది బలహీనంగా ఉంది’ అనుకోకండి. ఏమైందో క్రియతో చెప్పుకోండి. కదులుతోందా, విరిగేలా ఉందా, అరిగిందా, కూలేలా ఉందా? తర్వాత ఆ లోపం ఎక్కడుందో చూడండి. పదార్థమే పలచనా? ముక్కలు కలిసేచోట పట్టు తప్పిందా? వస్తువు బాగానే ఉన్నా నిలబెట్టిన చోటు సరిగా లేదా? వాడి వాడి ఇలా అయిందా, లేక పట్టించుకునేవాళ్లు లేక పాడుబడిందా? ఇంగ్లిష్ మాటలు ఈ గీతల వెంటే విడిపోయి ఉంటాయి. ఇది తేలితే సగం పని అయినట్టే.

2. ఊగేదైతే ఒక కాగితం ముక్క తీసుకోండి

టేబుల్ మీద చెయ్యి వేస్తే కదులుతోంది అనుకుందాం. ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పైకి లేస్తున్న కాలి కింద దూర్చండి. కదలడం ఆగిపోతే ఆ టేబుల్ ‘వాబ్లీ’. చెక్క గట్టిదే, కాళ్లూ గట్టివే. నాలుగూ ఒకేసారి నేలకి ఆనడం లేదు, అంతే. (మూడు కాళ్ల స్టూలుకి ఈ బాధ ఉండదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద ఉంటాయి కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద కూడా మూడు కాళ్లూ ఆనుతాయి.)

కాగితం పెట్టాక కూడా అంచు పట్టుకుని పక్కకి తోస్తే టేబుల్ మొత్తం ఒక వైపు ఒరిగి, కాళ్లు పైపలకతో కలిసేచోట కిర్రుమంటోందా? అది ‘రికెటీ’. లోపం కీళ్లలో ఉంది. వాబ్లీ కుర్చీ మీద కూర్చుంటే చిరాకు, రికెటీ కుర్చీ మీద కూర్చుంటే భయం. ఈ మాట పుట్టుక కూడా కీళ్లూ ఎముకల దగ్గరే. విటమిన్ డి చాలక పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోయే జబ్బు రికెట్స్. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు దాని మీద లాటిన్‌లో పెద్ద గ్రంథమే వేశాడు. ఆ జబ్బు పిల్లల నడకలాగా తూలే కుర్చీలకీ మెట్లకీ ఆ శతాబ్దంలోనే రికెటీ అనే పేరు అంటుకుంది.

ఈ తేడాని పెద్ద ఎత్తున చూడాలంటే లండన్‌లోని మిలీనియం బ్రిడ్జ్‌ని తలుచుకోండి. థేమ్స్ నది మీద నడిచేవాళ్ల కోసం కట్టిన ఈ వంతెనని 2000 జూన్ 10న తెరిచారు. జనం ఎక్కగానే పక్కలకి ఊగడం మొదలుపెట్టింది. ఊగుతున్న వంతెన మీద పడిపోకుండా ఉండటానికి నడిచేవాళ్లు తెలియకుండానే ఆ ఊపుకి తగ్గట్టు అడుగులు వేశారు, దాంతో ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజులకే మూసేసి, ఊపుని పీల్చుకునే డ్యాంపర్లు బిగించి, 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. జనం దానికి పెట్టిన పేరు ‘వాబ్లీ బ్రిడ్జ్’. రికెటీ బ్రిడ్జ్ అనలేదు, వీక్ బ్రిడ్జ్ అనీ అనలేదు. కొత్త ఉక్కు, గట్టి బిగింపులు, అయినా ఊగింది. ‘వీక్ బ్రిడ్జ్’ అని బ్రిటన్‌లో నిజంగానే రోడ్డు బోర్డులుంటాయి, ఇన్ని టన్నులు దాటిన బండి ఎక్కకూడదు అనే అంకెతో సహా. అంటే బరువు మోయలేని వంతెన. నా నిచ్చెన మెయిల్ చదివినవాళ్లు ఈ అర్థమే తీసుకున్నారు.

ఇక ‘షేకీ’. తెలుగువాళ్లం ఎక్కువగా జారేది ఇక్కడే. ‘ఊగుతోంది’, ‘కదులుతోంది’ రెంటికీ ‘షేకింగ్’ అనేస్తాం. ‘మై టూత్ ఈజ్ షేకింగ్’ అంటే పన్ను దానంతటదే గడగడా వణికిపోతున్నట్టు వినిపిస్తుంది. కదిలే పన్ను ‘లూస్ టూత్’ లేదా ‘వాబ్లీ టూత్’. షేక్ అంటే వేగంగా, చిన్నగా వణకడం. చేతులు వణుకుతుంటే ‘షేకీ హ్యాండ్స్’, గొంతు వణికితే ‘షేకీ వాయిస్’. మొదట్లో తడబడ్డ ఆట ‘షేకీ స్టార్ట్’. సరిగా పట్టు చిక్కని సబ్జెక్టు కూడా షేకీనే. కానీ ఒకప్పుడు బాగా వచ్చి, వాడక మరిచిపోయినదాన్ని షేకీ అనరు, ‘రస్టీ’ అంటారు. మనం తుప్పు పట్టిందంటామే, సరిగ్గా అదే.

లూస్ అని ఎందుకు రాశానో చెప్పాలి. మనందరం లూజ్ స్క్రూ, లూజ్ షర్ట్ అంటాం. ఇంగ్లిష్‌లో వదులు అనే మాట చివర ‘స’ పలుకుతుంది, ‘జ’ కాదు. ‘జ’ పలికితే పోగొట్టుకోవడం. రాసేటప్పుడు వదులుకి రెండు ‘ఓ’లు, పోగొట్టుకోవడానికి ఒక్కటే. ఇంటర్వ్యూలో ఎవరూ దీనికి మార్కులు తగ్గించకపోవచ్చు గానీ, మెయిల్‌లో ‘ఓ’ ఒకటి తగ్గితే అర్థమే తలకిందులవుతుంది.

‘అన్‌స్టెడీ’, ‘అన్‌స్టేబుల్’ ఒకటే అనిపిస్తాయి. వస్తువుల విషయంలో పెద్ద ప్రమాదం లేదు. మనుషుల దగ్గరకొచ్చేసరికి చాలా తేడా. జ్వరం తగ్గాక నడుస్తూ తూలుతున్న మనిషి ‘అన్‌స్టెడీ ఆన్ హిజ్ ఫీట్’. అదే మనిషిని అన్‌స్టేబుల్ అంటే మతి స్థిమితంగా లేదని చెప్పినట్టే. సెలవు చీటీలో ఈ మాట రాసేముందు రెండుసార్లు ఆలోచించండి. ఆసుపత్రి వాళ్లు పేషెంట్ ‘స్టేబుల్’ అన్నారంటే బాగున్నాడని కాదు, ఉన్న స్థితి ప్రస్తుతానికి మారడం లేదని. ఇది తెలియక ఊపిరి పీల్చుకునేవాళ్లు చాలామంది.

3. విరిగేదైతే వంచి చూసినట్టు ఊహించుకోండి

ఎండుపుల్లని వంచితే పుటుక్కుమంటుంది. పచ్చి కొమ్మని వంచితే వంగుతుంది. ఆ పుటుక్కుమనే గుణం ‘బ్రిటిల్’, మన పెళుసు. సుద్దముక్క, పోత ఇనుము, ముసలితనంలో ఎముకలు, అస్తమానం చిట్లే గోళ్లు, ఇవన్నీ బ్రిటిల్. ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్రిటిల్ అంటే బలహీనం అని కాదు. చాలా గట్టిదై ఉండి కూడా, వంగడం చేతకాక ఒక్కసారిగా బద్దలైపోయేది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర షెనెక్టడి అనే కొత్త ట్యాంకర్ ఓడ, సముద్రంలో పరీక్షలు ముగించుకొచ్చి రేవులో కట్టేసి ఉండగానే, నీళ్లు నిశ్చలంగా ఉన్న రాత్రి పెద్ద చప్పుడుతో దాదాపు రెండుగా పగిలింది. తుఫాను లేదు, ఢీకొట్టడం లేదు. ఆ రకం ఉక్కు చలికి పెళుసెక్కడం, వెల్డింగ్ దగ్గర మొదలైన పగులు ఆగకుండా పాకడం, ఇలాంటి కారణాలు తర్వాత బయటపడ్డాయి. అది వీక్ స్టీల్ కాదు, బ్రిటిల్ స్టీల్.

‘ఫ్రాజైల్’ ఇంకా వెడల్పైన మాట. ఏ కారణం చేతనైనా తేలిగ్గా పగిలేది, జాగ్రత్తగా పట్టుకోవలసినది. పార్సిల్ మీద గాజు గ్లాసు బొమ్మ వేసేది దీని కోసమే. కంటికి కనిపించని వాటికీ బాగా అతుకుతుంది. ఇప్పుడో ఇంకాసేపటికో తెగేలా ఉన్న ఒప్పందం, ఎవరు ఏమన్నా నొచ్చుకునే మనసు, కుదుటపడని శాంతి, అన్నీ ఫ్రాజైల్. బ్రిటిష్ వాళ్లు ఫ్రాజైల్ అంటారు, అమెరికన్లు చివర తేలిపోయేలా ఫ్రాజిల్ అంటారు. ఏదైనా ఫర్వాలేదు, మెయిల్ మధ్యలో ఎవరూ వినరు కదా.

‘ఫ్రెయిల్’ దీనికి తోబుట్టువు. రెండూ లాటిన్‌లో విరగడం అనే అర్థమున్న ఒకే మాట నుంచి వచ్చినవే. ఫ్రాక్చర్, ఫ్రాగ్మెంట్ కూడా ఆ ఇంటివే. కాలక్రమంలో తోబుట్టువులు వాటాలు పంచుకున్నట్టు ఇవి పని పంచుకున్నాయి. వస్తువులు ఫ్రాజైల్‌కి, మనుషులు ఫ్రెయిల్‌కి. దీని సంగతి మనుషుల దగ్గర మళ్లీ చూద్దాం.

‘ఫ్లిమ్‌జీ’ పలచనితనం గురించి. వేలితో నొక్కితే సొట్టపడే డబ్బా, గాలికే ఎగిరే పరదా, తీయబోతే వంగిపోయే ప్లాస్టిక్ మూత. విరగకపోవచ్చు కూడా, కానీ చేతిలోకి తీసుకోగానే ‘ఇందులో సరుకు లేదు’ అనిపిస్తుంది. దీన్ని ‘షాడీ’తో కలపకండి. షాడీలో తప్పు పదార్థానిది కాదు, పనితనానిది. కుట్లు వంకర, అతుకులు కనబడతాయి, రంగు సగం పూసి వదిలేశారు, అలాంటిది. విచిత్రమేమిటంటే షాడీ మొదట తిట్టు కాదు, ఒక బట్ట పేరు. 1813 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బ్యాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని గుడ్డల్ని చీల్చి, పోగులు తీసి, కొత్త ఉన్నితో కలిపి మళ్లీ బట్ట నేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పోగుల సరుకే షాడీ. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకి ఆ రకం బట్టతో కుట్టిన యూనిఫామ్‌లు ఇట్టే చిరిగిపోవడంతో ఆ పేరు ‘నాసిరకం’కి మారుపేరైంది. పాపం, ఈ రోజుల్లో అయితే ఆ బట్టకి రీసైక్లింగ్ అని అవార్డు ఇచ్చేవాళ్లు.

4. అరిగినదైతే వెలుగుకి పట్టి చూడండి

ఒక పాత చొక్కా తీసి కిటికీ వెలుగుకి పట్టుకోండి. మోచేతుల దగ్గర పైన ఉండే నూగంతా పోయి, నిలువు పోగులూ అడ్డ పోగులూ విడివిడిగా లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయా? అది ‘థ్రెడ్‌బేర్’. పేరులోనే ఉంది, దారం బయటపడిందని. ఇంకా చిరగలేదు, చివికింది. ఇప్పుడు కాలరు అంచు చూడండి. మడత దగ్గర పోగులు లేచి కుచ్చులా నిలబడితే ఆ భాగం ‘ఫ్రేయ్డ్’. చార్జర్ వైరు ప్లగ్ దగ్గర తొడుగు విచ్చుకుని లోపలి తీగలు కనిపిస్తే దాన్నీ ఫ్రేయ్డ్ కేబుల్ అంటారు. కంప్లైంట్‌లో ‘వైర్ డ్యామేజ్’ అని రాసేకన్నా ఇలా రాస్తే ఏమైందో అవతలివాళ్ల కళ్లకి కడుతుంది. ఓపిక నశించి చిర్రుబుర్రులాడే స్థితికి ‘ఫ్రేయ్డ్ నర్వ్స్’. చొక్కా పీలికలు పీలికలైతే ‘ట్యాటర్డ్’. చివకడం, పోగులు లేవడం, పీలికలవడం: మూడూ మూడు దశలు, వరస తప్పించి వాడితే నవ్వులాటగా ఉంటుంది.

వీటన్నిటికీ పైన ఉండే మాట ‘వోర్న్’. వేర్ అనే క్రియకి తొడుక్కోవడం అనీ, అరగడం అనీ రెండర్థాలు. తొడుక్కుంటేనే కదా అరిగేది. వోర్న్ అంటే వాడిన గుర్తులున్నాయి, ఇంకా పనికొస్తుంది. వెనకాల ‘అవుట్’ చేరిందా, ఇక అయిపోయింది. ‘వోర్న్ టైర్’తో బండి మెకానిక్ దాకా వెళ్తుంది. ‘వోర్న్-అవుట్ టైర్’తో వెళ్లకూడదు. రాసేటప్పుడు నామవాచకం ముందు వస్తే మధ్యలో అడ్డగీత పెట్టాలి, క్రియ తర్వాత వస్తే అక్కర్లేదు. బాగా అలసిన మనిషి కూడా వోర్న్ అవుటే, అందులో తప్పు పట్టేదేమీ లేదు.

అద్దె ఒప్పందాల్లో, వారంటీ కాగితాల్లో ‘వేర్ అండ్ టేర్’ అనే జంట కనిపిస్తుంది. మామూలు వాడకంతో సహజంగా వచ్చే అరుగుదల అని దాని అర్థం. అద్దె ఇంటి ఒప్పందంలో ఆ మాట మీకు మేలు చేస్తుంది, ఎందుకంటే నడిచి నడిచి అరిగిన నేలకి మీరు డబ్బు కట్టక్కర్లేదని అర్థం. వారంటీలో అదే మాట మీకు ఎదురు తిరుగుతుంది, అరుగుదలకి కంపెనీ బాధ్యత వహించదని. మాట ఒకటే, ఎవరి వైపు ఉందో చూసుకోవాలి.

బ్యాటరీ దగ్గర మాత్రం వీక్ వదిలేయండి. చార్జింగ్ తగ్గితే ‘లో’, పూర్తిగా పోతే ‘డెడ్’, బ్రిటిష్ వాళ్లకైతే ‘ఫ్లాట్’. ఎంత చార్జ్ చేసినా గంటలో దిగిపోతుంటే ‘ఇట్ వోంట్ హోల్డ్ ఎ చార్జ్’. సర్వీస్ సెంటర్‌లో ఈ చివరిది చెప్తే మళ్లీ చార్జర్ మార్చి చూశారా అని అడగరు. (అడుగుతారు. కానీ ఒకసారే.)

పాత యంత్రాల్లో ఇంకో తేడా. ‘అబ్సొలీట్’ అంటే పాడైంది కాదు, కాలం చెల్లింది. నిగనిగలాడే కొత్త ఫ్లాపీ డ్రైవ్ కూడా అబ్సొలీటే. ప్రస్తుతానికి పనిచేయనిది ‘అవుట్ ఆఫ్ ఆర్డర్’. నేడో రేపో అన్నట్టున్నది ‘ఆన్ ఇట్స్ లాస్ట్ లెగ్స్’. డొక్కు బండిని బ్రిటిష్ వాళ్లు సరదాగా ‘క్లాప్డ్-అవుట్’ అంటారు, అమెరికన్లు ‘బీట్-అప్’ అంటారు. ఈ రెండూ స్నేహితుల మధ్య బాగుంటాయి, ఇన్సూరెన్స్ ఫారంలో బాగోవు.

5. కట్టడమైతే దాని గతం అడగండి

ఇక్కడ చూపు వస్తువు మీద కన్నా దాని కథ మీద ఉండాలి. ఒకప్పుడు బాగా బతికి, మరమ్మతులు లేక పెచ్చులూడుతున్న భవనం ‘డిలాపిడేటెడ్’. లాటిన్‌లో రాయికి లాపిస్ అని పేరు, ఆ మాట ఇందులో ఉంది. రాళ్లు చెల్లాచెదురైనట్టు లెక్క. స్పెల్లింగ్‌లో మొదటి అచ్చు ‘ఐ’, చాలామంది ‘ఈ’ రాసేస్తారు. ఎప్పుడూ బాగా లేనిది, దొరికిన రేకులూ చెక్కలూ పేర్చి కట్టింది ‘రామ్‌షాకిల్’. సొంతదారు వదిలేసి వెళ్లిపోయింది ‘డెరిలిక్ట్’. జనం ఉంటున్నా కళ తప్పిన వీధిని ‘రన్-డౌన్’ అంటారు. ఈ నాలుగూ చాలు.

6. మనిషైతే ఆగి ఆలోచించండి

వస్తువుల మీద వాడిన మాటలు మనుషుల మీద వాడితే కొన్ని జాలి చూపిస్తాయి, కొన్ని చెంపదెబ్బ కొడతాయి. వయసు మీదపడి బక్కచిక్కిన పెద్దాయన ‘ఫ్రెయిల్’. మర్యాదైన మాట, పైగా వైద్యులు వాడే మాట. 2001లో వచ్చిన ఒక ప్రసిద్ధ వైద్య నిర్వచనం ప్రకారం ఐదు లక్షణాల్లో మూడు ఉంటే ఆ స్థితి ఫ్రెయిల్టీ: అనుకోకుండా బరువు తగ్గడం, నిస్సత్తువ, చేతి పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గిపోవడం. అదే పెద్దాయన్ని ‘డిక్రెపిట్’ అంటే ముసలి డొక్కు అన్నట్టే. ఆ మాట మూలంలో ఉన్నది కిర్రుమనే చప్పుడు. భవనాలకీ బస్సులకీ ఉంచండి. చివర్న ‘ట్’ పలకాలి, ‘డ్’ కాదు.

‘ఫీబుల్’ మధ్యస్థం. సత్తువ లేని గొంతుని ఫీబుల్ వాయిస్ అనొచ్చు. మనిషినే ఫీబుల్ అంటే చులకన ధ్వనిస్తుంది. ‘ఏడవదగ్గ’ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది కాబోలు, ఇప్పటికీ కాస్త జాలీ కాస్త ఎగతాళీ కలిసే ఉంటాయి. బ్రిటన్‌లో 1913 నాటి మెంటల్ డెఫిషియన్సీ చట్టం ‘ఫీబుల్-మైండెడ్’ అనే మాటని ఒక అధికారిక వర్గం పేరుగా పెట్టుకుంది. అప్పట్లో చట్టం, ఇప్పుడు తిట్టు.

మన ‘వీక్‌నెస్’ సంగతి కూడా తేల్చేద్దాం. ‘నాకు వీక్‌నెస్‌గా ఉంది’ అని తెలుగులో అంటే నీరసం అని ఎవరికైనా అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఐ హ్యావ్ ఎ వీక్‌నెస్’ అంటే, దేని మీద అని అడుగుతారు, ఎందుకంటే ‘ఎ వీక్‌నెస్ ఫర్ ఓల్డ్ సాంగ్స్’ అంటే పాత పాటలంటే పడిచస్తానని అర్థం. నీరసానికి ‘ఐ ఫీల్ వీక్’ చాలు. రోజుల తరబడి ఒంట్లో ఓపిక లేకపోతే ‘ఐ ఫీల్ రన్-డౌన్’. నిద్రమత్తులోనో మందు మత్తులోనో తూలుతున్నట్టుంటే ‘గ్రోగీ’. ఈ చివరి మాట వెనక ఒక నౌకాధికారి ఉన్నాడు. 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ తన నావికులకిచ్చే రమ్ములో నీళ్లు కలపాలని ఆర్డరేశాడు. గ్రోగ్రమ్ అనే ముతకబట్ట కోటు వేసుకుంటాడని ఆయన్ని ‘ఓల్డ్ గ్రోగ్’ అనేవాళ్లు. నీళ్ల రమ్ము గ్రోగ్ అయింది, అది ఎక్కువ తాగి తూలేవాడు గ్రోగీ అయ్యాడు. ఇప్పుడు చుక్క ముట్టనివాళ్లు కూడా పొద్దున్నే గ్రోగీగా లేస్తున్నారు.

7. సాకు, వాదన, ఆశ లాంటివైతే

చేతికి తగలని వాటికి కూడా చేతికి తగిలే మాటలే అతుకుతాయి. వేలితో పొడిస్తే చిరిగేంత పలచని సాకు ‘ఫ్లిమ్‌జీ ఎక్స్‌క్యూజ్’. మనసు పెట్టకుండా చేసిన ప్రయత్నం ‘ఫీబుల్ అటెంప్ట్’. రెండు విషయాల మధ్య ఉందా లేదా అన్నంత సన్నటి సంబంధం ‘టెన్యువస్’. గాల్లో దీపంలా ఉన్న పరిస్థితి ‘ప్రికేరియస్’. దీని మూలార్థం బతిమాలి తెచ్చుకున్నది అని. ఇచ్చినవాడు ఎప్పుడైనా లాక్కోవచ్చు, అందుకే నిలకడ లేదు. ఏ రోజు ఉంటుందో పోతుందో తెలియని ఉద్యోగానికి ఇంతకన్నా సరిపడే మాట నాకు కనపడలేదు. మన పేకమేడ మాత్రం అచ్చంగా వాళ్లకీ ఉంది, ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’.

అరిగిపోయిన మాటలకీ మాటలున్నాయి. ‘ట్రైట్’ అంటే రుద్ది రుద్ది అరిగిపోయినది, లాటిన్‌లో అక్షరాలా అదే. మనం అరిగిపోయిన రికార్డు అన్నట్టు. ‘హాక్నీడ్’ వెనక అద్దె గుర్రం ఉంది. ఎవరు పడితే వాళ్లు ఎక్కి తిప్పితే గుర్రం ఏమవుతుందో, అందరూ వాడితే ఉపమానమూ అదే అవుతుంది.

8. జంటగా రాసుకోండి, ఎదురుమాటతో సరిచూసుకోండి

నోట్‌బుక్‌లో ఎడమ వైపు ఇంగ్లిష్ మాట, కుడి వైపు తెలుగు అర్థం రాసే అలవాటు మానేయండి. రికెటీ = బలహీనమైన, ఫ్లిమ్‌జీ = బలహీనమైన, బ్రిటిల్ = బలహీనమైన అని పది వరసలు రాస్తే పదీ ఒకటే అయిపోతాయి, మళ్లీ వీక్ దగ్గరకే వచ్చి ఆగుతారు. మాటని దాని జోడీతో రాయండి: రికెటీ స్టెయిర్స్, బ్రిటిల్ నెయిల్స్, ఫ్రేయ్డ్ కఫ్, థ్రెడ్‌బేర్ కార్పెట్, వాబ్లీ టేబుల్. ఇలా గుర్తుంటే తప్పు జంట కంటబడగానే చెవికి కొడుతుంది. రికెటీ షర్ట్ అని ఎవరైనా అంటే చొక్కాకి కీళ్లెక్కడివి అనిపించాలి.

ఇంకా అనుమానంగా ఉంటే, ఆ వస్తువు బాగుంటే ఏమనేవారో చూడండి. గట్టి కుర్చీ ‘స్టర్డీ’, దానికి ఎదురు రికెటీ. స్థిరంగా ఉన్న చెయ్యి ‘స్టెడీ’, దానికి ఎదురు షేకీ. బిగుతైన స్క్రూ ‘టైట్’, దానికి ఎదురు లూస్. ‘స్ట్రాంగ్’ అనడం సహజంగా ఉన్నచోటే వీక్ కూడా సహజం: సిగ్నల్, కరెన్సీ, కంటిచూపు, పాస్‌వర్డ్, బరువు మోసే వంతెన. వీక్ మీద నాకేం కక్ష లేదు, దాని చోట అది ఉండాలి. మరీ సన్నగా వినబడే చప్పుడు, కనీకనబడని వెలుగు వీక్ కంటే ‘ఫెయింట్’ అంటే బాగుంటాయి.

చివరగా, రాసినదాన్ని పంపేముందు ఇంగ్లిష్ నుంచి మళ్లీ తెలుగులోకి మనసులో చదువుకోండి. మీరు చూసిన వస్తువే కనిపిస్తోందా? నేను నా నిచ్చెన గురించి రెండో మెయిల్ ఇలా రాశాను: ‘టూ రంగ్స్ ఆర్ లూస్ అండ్ టర్న్ అండర్‌ఫుట్. ది రెస్ట్ ఆఫ్ ది లాడర్ ఈజ్ సౌండ్. ది నట్స్ నీడ్ టైటెనింగ్.’ రంగ్స్ అంటే నిచ్చెన మెట్లు. సౌండ్ అంటే ఇక్కడ చప్పుడు కాదు, లోపం లేకుండా గట్టిగా ఉండటం. ఈసారి మెయిల్‌కి జవాబు రాలేదు. మధ్యాహ్నానికి మనిషే వచ్చాడు, చేతిలో స్పానర్‌తో.